కాళ్ళబేరం

అక్టోబర్ 5, శనివారం

నిన్న సాయంత్రం ఏడుంపావుకు బన్నీ మా అనంత్ కుడిచేతిని మోచేయి దగ్గర విరిచాడు. మిగతా ఇద్దరు పట్టుకున్నారు.

ఎవరు, ఎవరికి ఏమవుతారు అన్నది మొదటి పేరాలోనే తేలిపోవాలి. ఇరవై రెండేళ్ళు కర్నూలు జిల్లాలో పత్రికకు క్రైమ్ వార్తలు రాసిన చేయి ఇది, ఇంకోలా రాయదు. అనంత్ నా తమ్ముడు రంగనాథ్ కొడుకు. వయసు ఇరవై నాలుగు. చదువు అయిపోయింది, వర్క్ పర్మిట్ మీద వేర్‌హౌస్‌లో పని. కెనడాలో, కేంబ్రిడ్జ్ ఊళ్ళో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటాడు. బన్నీ అదే వేర్‌హౌస్‌లో షిఫ్ట్ లీడ్. అక్కడున్న తెలుగు కుర్రాళ్ళందరికీ బన్నీ అన్న. ఇద్దరినీ ఆ పనిలో పెట్టింది మిస్సిసాగాలో ఏజెన్సీ నడిపే అమరేశ్వరరావు గారు.

కారణం: గురువారం కొత్తగా చేరిన కుర్రాళ్ళ ముందు అనంత్ అతన్ని "బన్నీ, ఆ పాలెట్ నువ్వే పెట్టావా?" అని అడిగాడు. అన్నా అనలేదు. నువ్వు అన్నాడు. ఇక్కడ మేనేజర్లను కూడా పేరుతోనే పిలవాలని ట్రైనింగులో వాడికి చెప్పారు. వాడు నమ్మాడు.

నిన్న బిర్యానీ తిందాం రమ్మని ప్లాజాకు పిలిచారు. షాపు వెనక పార్కింగ్‌లో, ఆ కొత్త కుర్రాళ్ళు చూస్తుండగా, ఇద్దరు భుజాలు పట్టుకున్నారు. బన్నీ వెనక నుంచి చెయ్యి మెలిపెట్టాడు.

"అన్నా అను. వదిలేస్తా."

"బన్నీ" అన్నాడు వీడు.

ఇంకొంచెం మెలిపెట్టాడు. "అన్నా అనరా."

"బన్నీ."

మూడోసారి ఎముక విరిగింది. ఆ చప్పుడు షాపు లోపల క్యాషియర్‌కు వినపడిందట. కింద పడ్డాక తన్నారు. రెండు పక్కటెముకలు, పైవరసలో ఒక పన్ను. అప్పుడు కూడా వీడు అన్నా అనలేదు.

ఇవాళ ఆపరేషన్ జరిగింది. ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. భుజం దాకా కాస్ట్, అంటే పిండికట్టు, వేశారు. ముట్టుకుని చూశాను, రాయిలా ఉంది.

నాకు ఏడుపు రాలేదు. వివరాలు సేకరించాను.


అక్టోబర్ 6, ఆదివారం

డిటెక్టివ్ ఆసుపత్రికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, మాట నెమ్మది. మందుల మత్తులో అనంత్ ఇంగ్లీషు మొదలుపెట్టి తెలుగులోకి జారిపోతున్నాడు. వాటర్లూలో చదువుతున్న నా కూతురు స్పందన పక్కన కూర్చుని వాడి మాటలు ఇంగ్లీషులో చెప్పింది.

"వాళ్ళకు అతని నుంచి ఏం కావాలి?" అని డిటెక్టివ్ అడిగింది.

"అన్నా అనమన్నారు" అంది స్పందన. "అంటే... ఎల్డర్ బ్రదర్."

"అతను ఇతనికి అన్నయ్యా?"

"కాదు. రెస్పెక్ట్ కోసం."

డిటెక్టివ్ కాసేపు పెన్ను ఆపింది. "ఓ. సే అంకుల్" అని రాసుకుంది.

కారులో స్పందనను అడిగాను, అదేమిటని.

"అదొక ఇడియం మమ్మీ. స్కూల్లో పిల్లలు చెయ్యి మెలిపెట్టి సే అంకుల్ అంటారు. అంకుల్ అంటే ఓడిపోయినట్టు. అప్పుడు వదిలేస్తారు."

"ఎవరి అంకుల్?"

"ఐ డోంట్ నో. ఎవరికీ తెలీదు. పెద్దవాళ్ళు కూడా వాడతారు. మా ప్రొఫెసర్ మొన్న అన్నాడు, రెంట్ పెంచుతూ పోయారు, టెనెంట్స్ క్రైడ్ అంకుల్ అని. హాకీ కామెంటరీలో కూడా వస్తుంది."

"అంటే తప్పకుండా వదిలేస్తారా?"

"మమ్మీ, దట్స్ ద హోల్ పాయింట్. అన్నాక కూడా కొడితే అది గేమ్ ఎలా అవుతుంది?"

మాకూ ఇలాంటివి ఉన్నాయి. మా డెస్కులో రోజుకొకటి వాడేవాళ్ళం. దిగొచ్చిన సర్కారు. చేతులెత్తేసిన అధికారులు. కాడి పడేసిన కాంట్రాక్టర్. అస్త్రసన్యాసం. తోక ముడిచిన ఫలానా. ఒక మెట్టు దిగిన ఫలానా. అన్నిటికన్నా కింద కాళ్ళబేరం. దాన్ని శీర్షికలో పెట్టాలంటే ఎడిటర్ ఒప్పుకోవాలి, అవతలివాళ్ళు మర్నాడు ఆఫీసు మీదకు వస్తారు కాబట్టి.

వదిలేయడం గురించి మా మాటల్లో ఎక్కడా లేదు. లొంగినవాడి గురించే ఉంది.


అక్టోబర్ 7, సోమవారం

బన్నీని అరెస్టు చేసి సాయంత్రానికి విడిచిపెట్టారు. షరతులు డిటెక్టివ్ ఫోన్‌లో చదివి వినిపించింది: అనంత్ ఉన్నచోటికి రాకూడదు, నేరుగా గానీ మరొకరి ద్వారా గానీ మాట్లాడకూడదు. కేసు నడిపేది క్రౌన్, అంటే ప్రభుత్వం. మేం కాదు.

మిగతా ఇద్దరి పేర్లు అనంత్ చెప్పడం లేదు. "వాళ్ళు అనమనలే అత్తా" అంటున్నాడు. "పట్టుకున్నారు అంతే."


అక్టోబర్ 8, మంగళవారం

అనంత్ ఇంటికొచ్చాడు. అన్నం నేనే కలిపి స్పూన్ పెట్టాను. ఎడమచేత్తో తిన్నాడు. సగం చొక్కా మీద పడింది.

నేను పనిచేసే ఫ్యాక్టరీలో లైన్ మీద ఉండగా అమరేశ్వరరావు గారు ఫోన్ చేశారు. బ్రేక్‌లో మళ్ళీ నేనే చేశాను. ఆయన మాటలు గుర్తున్నంతవరకు:

"అమ్మా విశాలాక్షీ, బాబు ఎలా ఉన్నాడు?"

"ప్లేటు వేశారు అంకుల్."

"అయ్యయ్యో. కుర్రకుంకలమ్మా. పనిలో మాటా మాటా వస్తుంది, దానికి ఎముకలు విరుచుకుంటారా? బన్నీగాడిని పిలిచి నాలుగు పీకాను. ఏడ్చాడు. చూడమ్మా, శనివారం దసరా. బాబును మా ఇంటికి తీసుకురా. వాడి చేత కాళ్ళు పట్టిస్తాను. నలుగురు పెద్దమనుషులు ఉంటారు. అక్కడితో రాజీ."

"అతను అనంత్ దగ్గరకు రాకూడదని షరతు ఉంది అంకుల్."

"అది పోలీసులు రాసుకునేది. మా ఇంటికి పండక్కి ఎవరొచ్చారో వాళ్ళకెందుకు?"

"కేసు మనది కాదు. వెనక్కి తీసుకోవడం మన చేతుల్లో లేదు."

నవ్వారు. "సాక్షి మరిచిపోతే క్రౌన్ ఏం చేస్తుందమ్మా? కర్నూల్లో అన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగినదానివి, నీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. కొడుకును నరికినవాడిని ఎన్నడూ చూడలేదని కోర్టులో చెప్పిన తండ్రి గురించి రాశాను. భర్తను చంపినవాళ్ళు పెట్టించిన ఇంట్లో ఉంటున్న భార్య గురించి రాశాను. ‘సాక్షులు ఎదురుతిరగడంతో కేసు కొట్టివేత.’ ఆ వాక్యం కళ్ళు మూసుకుని టైపు చేయగలను. రాసిన ప్రతిసారీ ఆ సాక్షుల మీద నాకు అసహ్యం వేసేది.

పెట్టేసే ముందు ఆయన అన్నారు: "బాబు ఎక్స్‌పీరియన్స్ లెటర్ నా టేబుల్ మీదే ఉంది. పీఆర్ రావాలన్నా, ఇక్కడే ఉండిపోవాలన్నా అదే కదా ముఖ్యం. పండగ వెళ్ళాక సంతకం పెట్టేద్దాం."


అక్టోబర్ 9, బుధవారం

ఎవరో వీడియో తీశారట. నలభై సెకన్లు ఉంది. వేర్‌హౌస్ కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. అనంత్ నాకు చూపించాడు.

కింద కామెంట్లు. "వీడు మామూలోడు కాదు మామా." "ఎముక విరిగినా తగ్గలేదు చూడు." "బన్నీ అన్న పరువు పాయె." ఇంకొకడు: "ఒక్క మాట అంటే అయిపోయేదిగా, ఎందుకురా ఇదంతా."

"ఈ చివరోడు చెప్పింది నిజమే కదత్తా?" అన్నాడు అనంత్.

"అంటే విరిచేవాడు కాదా?"

"ఏమో. అనాలనే అనుకున్నా. రెండోసారి మెలిపెట్టినప్పుడు నోటిదాకా వచ్చింది. కొత్త పిల్లోళ్ళు చూస్తా ఉన్నారు. రాలే."

అది నేను వినలేదన్నట్టు ఉండిపోయాను. "నువ్వు తగ్గలేదు. అంతే" అన్నాను.

వాడు వీడియో మళ్ళీ పెట్టాడు. సౌండ్ పెంచాడు. ఎముక దగ్గర ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ పెట్టాడు. నేను వంటింట్లోకి వెళ్ళాను. అక్కడికీ వినపడింది.


అక్టోబర్ 10, గురువారం

మేం వెళ్ళడం లేదు. అనంత్‌కు చెప్పాను. సరేనన్నాడు.


అక్టోబర్ 11, శుక్రవారం

రంగనాథ్ నంద్యాల నుంచి ఫోన్ చేశాడు. అమరేశ్వరరావు గారు వాడితో కూడా మాట్లాడారట. "అక్కా, చెయ్యి అతుక్కుంటది. పీఆర్ పోతే అతుక్కోదు. పోయి రా" అన్నాడు. మా ఆయన ట్రక్కు లోడుతో ఆల్బర్టాలో ఉన్నారు. ఆయనా అదే అన్నారు.

వెళ్తే వింటాం, అంతే. మేం ఏమీ ఒప్పుకోం. ఏ సంతకం పెట్టం. ఎదుటివాళ్ళు ఏం చెబుతారో తెలుసుకోవడం అవసరం. వినడం నేరం కాదు. షరతులు బన్నీకి, అనంత్‌కు కాదు. రెండుసార్లు ఆలోచించాను. ఇందులో తప్పు లేదు.

సాయంత్రం అనంత్ అడిగాడు. "వాడు నిజంగా కాళ్ళు పట్టుకుంటాడా అత్తా?"

"పట్టుకుంటాడనే అంటున్నారు."

"అందరి ముందా?"

"అందరి ముందే."

"అన్నా అంటాడా నన్ను?"

నవ్వు వచ్చింది నాకు. "నువ్వు వాడికన్నా అయిదేళ్ళు చిన్న."

వాడు నవ్వలేదు. "నేనైతే తగ్గలే కదా?"

"మన ఇంట్లో ఎవరూ తగ్గరు" అన్నాను.


అక్టోబర్ 12, శనివారం

మిస్సిసాగాలో అమరేశ్వరరావు గారి ఇంట్లో తోపులాట. ఇద్దరికి గాయాలు.


అక్టోబర్ 13, ఆదివారం

నిన్నటి వాక్యం తప్పు. తోపులాట అంటే ఇద్దరు తోసుకోవాలి. అనంత్‌తో అంబులెన్స్ ఎక్కుతుంటే అడిగిన పోలీసుకు కూడా నేను అదే మాట చెప్పాను. స్కఫుల్ అన్నాను. అతను రాసుకున్నాడు. ఇక్కడైనా మళ్ళీ రాస్తున్నాను.

మేం వెళ్ళేసరికి మూడు దాటింది. టౌన్‌హౌస్ నిండా జనం. హాల్లో గోడ వారగా బొమ్మల కొలువు, తొమ్మిది మెట్లు, చెక్కవి, తెల్లగుడ్డ పరిచి ఉన్నాయి. వంటింట్లో ఆంటీ గారెలు వేస్తున్నారు. పెద్దమనుషులుగా నలుగురు సోఫాల్లో కూర్చుని ప్లేట్లలో తింటున్నారు. అనంత్‌ను మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు, పెళ్ళికొడుకులా.

బన్నీ బేస్‌మెంట్‌లో నుంచి పైకి వచ్చాడు. అతన్ని దగ్గరగా చూడటం అదే మొదటిసారి. నేననుకున్నంత పెద్దవాడు కాదు. సన్నటి మనిషి, కొత్త లాల్చీ, పొద్దున్నే గడ్డం గీసుకున్నట్టున్నాడు. నాకు నమస్కారం పెట్టాడు. అరెస్టు అయినవాడు షరతు తప్పి పరాయి ఇంట్లో నిలబడ్డాడు, అతనికి ఆ సంగతి తెలుసు. అమరేశ్వరరావు గారి మాట మీద వచ్చాడు. ఆయన మాట కాదంటే అతనికి పని లేదు.

అమరేశ్వరరావు గారు లేచారు. "చూడండి. మన పిల్లలే ఇద్దరూ. ఒకడు తొందరపడ్డాడు, ఒకడు మొండిపట్టు పట్టాడు. దేశం కాని దేశంలో మనం మనం కొట్టుకుంటే నవ్వేది ఎవరు? బన్నీ, ఏం చెప్పాన్రా నీకు?"

బన్నీ వచ్చి అనంత్ ముందు వంగాడు. మోకాళ్ళ మీద కూర్చుని రెండు పాదాలూ పట్టుకున్నాడు. "సారీరా అనంత్" అన్నాడు. "తప్పయిపోయింది. సారీ."

"అద్గదీ" అన్నారు అమరేశ్వరరావు గారు. "దిగొచ్చాడు. ఇంక నువ్వూ ఒక మెట్టు దిగు నాయనా. లేవదీసి కౌగిలించుకో."

అనంత్ లేవదీయలేదు. "అన్నా అను" అన్నాడు.

అందరూ నవ్వారు. సరదాకు అన్నాడనుకున్నారు. ఒకాయన గారె నోట్లో పెట్టుకుని నవ్వాడు. పాదాలు పట్టుకునే ఉన్న బన్నీ కూడా తల కొంచెం ఎత్తి నవ్వబోయాడు.

అనంత్ కాస్ట్ ఉన్న చేతిని భుజం నుంచి ఎత్తి కిందికి దించాడు. మొదటి దెబ్బ మెడ వెనక. రెండోది చెవి మీద. బన్నీ బోర్లా పడ్డాడు, గడ్డం కొలువు కింది మెట్టు అంచుకు కొట్టుకుంది. బొమ్మలు పడ్డాయి. అనంత్ మోకాలు అతని వీపు మీద పెట్టి కూర్చున్నాడు.

"అను."

"అన్నా" అన్నాడు బన్నీ.

స్పష్టంగా అన్నాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. గదిలో అందరికీ వినపడేలా అన్నాడు. అనడానికి ఏమాత్రం ఆలోచించలేదు.

అనంత్ మళ్ళీ కొట్టాడు. బన్నీ "అన్నా, అన్నా" అన్నాడు. మళ్ళీ కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు వచ్చింది. తర్వాత కూడా బన్నీ ఆ మాట అనడానికి చూశాడు. మొదటి అక్షరం ఒక్కటే వచ్చింది, దానితో పాటు రక్తం, పళ్ళు. అనంత్ అప్పుడు కూడా కొట్టాడు. కాస్ట్ పగిలింది. వాడి చేతిలో ప్లేటు కదిలినట్టుంది, వాడూ అరుస్తున్నాడు. నొప్పికి అరుస్తూనే కొట్టాడు.

ఇద్దరు సోఫాల్లోంచి లేచి లాగేదాకా ఇది సాగింది. నేను లాగలేదు. నేను కదల్లేదు. గమనిస్తున్నానని అనుకున్నాను.

బన్నీ లేవలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడటం లేదు. ఆంటీ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చి, "ఏమైందండీ? అన్నాడుగా, అన్నాక కూడా ఏమిటండీ ఇది?" అన్నారు. ఆయన ఆమెను లోపలికి వెళ్ళమన్నారు.


అక్టోబర్ 14, సోమవారం

థాంక్స్‌గివింగ్ సెలవు. అనంత్‌కు నిన్న మళ్ళీ ఆపరేషన్ చేశారు. ఇవాళ ఇంటికి పంపారు. బన్నీ టొరంటో ఆసుపత్రిలో ఉన్నాడు. దవడ వైర్లతో కట్టారు. కపాలం లోపల రక్తస్రావం. మత్తులోనే ఉంచారు. మాట్లాడే స్థితి ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారట.

మధ్యాహ్నం అమరేశ్వరరావు గారు వచ్చారు. బొబ్బట్లు తెచ్చారు. కూర్చోలేదు.

"అమ్మా, జరిగింది జరిగింది. నేను పోలీసులకు చెప్పాను, మా వాళ్ళు కూడా అదే చెప్పారు. బన్నీ పిలవకుండా వచ్చాడు. వచ్చి బాబు మీద కలబడ్డాడు. బాబు తనను తాను కాపాడుకున్నాడు."

"మీరే పిలిచారు కదా అంకుల్."

"నేను పిలిచానని తెలిస్తే నా మీద కేసు. నువ్వు తీసుకొచ్చావని తెలిస్తే నీ మీద. బాబు కొట్టాడని తెలిస్తే వాడి పీఆర్ కాదమ్మా, వాడు జైలుకు, ఆ తర్వాత విమానం. బన్నీ రాకూడని చోటుకు వచ్చాడన్నది నిజమే కదా? ఒకసారి చెయ్యి విరిచినవాడేనన్నది నిజమే కదా? ఏది అబద్ధం ఇందులో?"

"కలబడలేదు."

"నువ్వు ఎక్కడున్నావో నాకు గుర్తు లేదమ్మా" అన్నారు మెల్లగా. "వంటింట్లో ఉన్నావనుకుంటా."

మిస్సిసాగా డిటెక్టివ్ కూడా ఫోన్ చేశాడు. గదిలో ఉన్నవాళ్ళందరి స్టేట్‌మెంట్లూ అయిపోయాయి, నాది ఒక్కటే మిగిలింది. గురువారం రమ్మన్నాడు. దుభాషి కావాలా అన్నాడు. అక్కర్లేదన్నాను.

ఆలోచిస్తే, నిజంగా ఒక నిమిషం వంటింటి వైపు తిరిగాను. గారెల వాసనకు. అది ఎప్పుడో చెప్పలేను.


అక్టోబర్ 15, మంగళవారం

పనికి వెళ్ళాను. వచ్చాక తెలియని నంబరు నుంచి ఫోన్. బన్నీ భార్య మృదుల. వృద్ధాశ్రమంలో పనిచేస్తుందట, డ్యూటీ మధ్యలో చేసింది. వెనక ఎవరో ముసలావిడ పిలుస్తోంది.

"ఆంటీ, మీరు అనంత్ వాళ్ళ అత్త కదా. ఒక్కటి అడుగుతా, తిట్టుకోకండి. మా ఆయన చేసింది తప్పే. ఆ వీడియో నేను కూడా చూశా. నాకు సిగ్గేసింది. కానీ అమరేశ్వరరావు అంకుల్ వాళ్ళింటి ఆంటీ నాకు ఏడుస్తూ ఏదో చెప్పారు, తర్వాత ఫోన్ ఎత్తట్లా. ఆయన అన్నా అన్నారంట కదా? అన్న తర్వాత కూడా కొట్టారా?"

ఫోన్ ఇంకో చెవికి మార్చాను.

"కలబడ్డారని పోలీసులు చెప్తున్నారు. ఆయన పొద్దున బయల్దేరేటప్పుడు నాతో చెప్పారు ఆంటీ, కాళ్ళు పట్టుకుంటే అయిపోద్ది, సాయంత్రానికి వచ్చేస్తా అని. కలబడే మనిషి అట్లా చెప్తాడా? ఆ ఒక్కటి చెప్పండి. అన్నారా, లేదా?"

ఫోన్ పెట్టేశాను.


అక్టోబర్ 16, బుధవారం

వేర్‌హౌస్ గ్రూపులో అనంత్‌ను ఇప్పుడు "అనంత్ అన్న" అంటున్నారు. వాడే చూపించాడు. వాడికన్నా పెద్దవాళ్ళు కూడా రాశారు.

"వద్దని రాయి" అన్నాను.

"ఎందుకు? నేనేమన్నా అడిగానా వాళ్ళని?"

తర్వాత నా ఎదురుగా కూర్చున్నాడు. "రేపు ఏం చెప్తావు అత్తా?"

"చూసింది."

"ఏం చూసినావు?"

"నువ్వు చూసిందే."

"నేనేం చూళ్ళే. వాడి తల తప్ప నాకేం కనపడలే." ఎడమచేత్తో టేబుల్ అంచు పట్టుకున్నాడు. "వాడు నా చెయ్యి విరిచినప్పుడు ఎవరన్నా వచ్చి చూసింది చెప్పినారా? షాపులో క్యాషియర్ చెప్పినాడా? ఆ ఇద్దరు చెప్పినారా? నువ్వే అన్నావు, మన ఇంట్లో ఎవరూ తగ్గరని."

"అన్నాను."

"మరి నువ్విప్పుడు తగ్గమంటున్నావు."

"వాడు అన్నాడు కదరా" అన్నాను. గొంతు పెద్దదైంది. "నువ్వు అడిగింది అన్నాడు. మొదటిసారికే అన్నాడు. ఎందుకు వదల్లేదు?"

విరిగిన చేతి వైపు చూసుకున్నాడు.

"అంత తొందరగా అంటాడని నాకు తెల్దు" అన్నాడు. "నేను అనకుండా చెయ్యి పోగొట్టుకున్న మాట. వాడు ఊరికే అనేసినాడు."

వాడు ఏడ్చాడు. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. విదిలించుకోలేదు. కాసేపటికి లేచి కిందికి వెళ్ళాడు. ఆరింటికి బ్యాగుతో పైకి వచ్చాడు. ఒంటిచేత్తో సర్దుకోవడంతో జిప్పు సగమే పట్టింది. బ్రాంప్టన్‌లో ఫ్రెండ్ రూముకు వెళ్తానన్నాడు. నేను ఆపలేదు, దింపుతానన్నాను. ఊబర్ వస్తోందన్నాడు. గుమ్మంలో ఆగి, "నాన్నకు నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పాను. రంగనాథ్ ఫోన్‌లో నన్ను తిట్టిన మాటలు ఇక్కడ రాయను. చివరికి "నీ మేనల్లుడి కంటే నీకు ఆ గుంటూరోడు ఎక్కువయ్యాడా?" అన్నాడు. కాలేదు. బన్నీ అంటే నాకు ఇప్పటికీ కోపమే. వాడి చెయ్యి ఎవరైనా విరిస్తే బాగుండునని మొదటి మూడు రోజులూ అనుకున్నాను.

స్పందన వాటర్లూ నుంచి ఫోన్ చేసింది. "మమ్మీ, అనంత్ బావకి ఏమవుతుంది?" తెలియదన్నాను. "నీకు?" అంది. అదీ తెలియదన్నాను. అనంత్‌ను బన్నీ ఉన్న ఇంటికి తీసుకెళ్ళింది నేనే, షరతు తెలిసి తీసుకెళ్ళాను. అది కూడా అడుగుతారు.

వీటన్నిటికీ ముందే, మధ్యాహ్నం బ్రేక్‌లో డిటెక్టివ్ ఆఫీసుకు ఫోన్ చేశాను. దుభాషి కావాలన్నాను. మీ ఇంగ్లీష్ బాగుంది కదా అన్నాడు. ఇంగ్లీషులో చెబితే మీరు ఇంకో మాట రాసుకుంటారు, బన్నీ అన్న మాటను అతను అన్నట్టే, అన్నన్నిసార్లూ తెలుగులో చెప్పాలి అన్నాను.

రేపు ఉదయం పదిన్నరకు మిస్సిసాగాలో స్టేట్‌మెంట్. వీడియో రికార్డ్ చేస్తారు. 401 హైవే మీద రద్దీ ఉంటుంది, ఎనిమిదిన్నరకు బయల్దేరతాను. దుభాషి పదీ ఇరవైకి వస్తుంది.